ఎన్ని బొమ్మలు చాలును?



సంక్రాంతి కొలువు తీసి, బొమ్మలను గుడ్డలలో చుట్టి పెట్టెలలో సర్దుచుండగా ఒక సోదరి వ్రాసిన జాబు చేతికి వచ్చినది. ఆమె కోరినందున పేరును, ఊరును ప్రకటింపను. కాని అందలి ప్రశ్న మనలో పెక్కుమందికి సంబంధించిన దగుటచే ఈ నెల ఈ పుటను దానికే కేటాయించుచున్నాను.

ఆ సోదరికి ఫ్యాషను బొమ్మలను సేకరించు వేడుక కలదు. పసిపాప రూపమున గాక, ఎదిగిన స్త్రీ రూపమున చేసి, పలువిధములైన దుస్తులు మార్చి మార్చి తొడుగుటకు వీలుగా అమర్చిన బార్బీ మొదలగు బొమ్మలకు ఆ పేరు. మూడేండ్లలో ఆమె 63 బొమ్మలు కొన్నది. బీరువాలో రెండు అరలు నిండినవి. ఆమె యిట్లు వ్రాయుచున్నది: “మొదటి బొమ్మ వచ్చిననాడు సంతోషముచే నిద్రపట్టలేదు. మొన్న వచ్చిన అరువదిమూడవ బొమ్మను పదిదినములైనను పెట్టె విప్పి చూడలేదు. ఇది చిన్నపిల్లల చేష్ట అని మా అత్తగారు అనుచున్నారు. మావారు ఏమియు అనరు. కాని నెలాఖరున ఇంటిలెక్కలు చూచునపుడు వారి మౌనమే నాకు భారముగా నున్నది. అన్నియు అమ్మివేయుదునా? అసలు ఎన్ని బొమ్మలు చాలునో మీరే చెప్పుడు.”

అమ్మా, ఈ ప్రశ్నకు ఉపదేశకురాలనై గాక, ఆ తప్పు చేసి తెలిసికొన్నదాననై జవాబు వ్రాయుచున్నాను.

మొదట అత్తగారి మాట చూతము. బొమ్మలు పిల్లల ఆటకే పుట్టినవనుట సరికాదు. ఏటేట కొలువు పెట్టి, పేరంటాండ్రను పిలిచి, కొండపల్లి బొమ్మలను, ఏటికొప్పాక లక్కబొమ్మలను మెట్లపై నిలిపి మురియువారు పిల్లలు మాత్రమేనా? దుస్తుల బొమ్మల చరిత్రయు అట్టిదే. పదునాలుగవ శతాబ్దము చివరికే ఫ్రెంచి రాజాస్థానమునుండి ఇంగ్లండు రాణికి కొత్తరీతి దుస్తులు తొడిగిన బొమ్మలు పంపిరి. పత్రికలును ఛాయాచిత్రములును లేని ఆ కాలమున, ఒకదేశపు స్త్రీలు ఏమి ధరించుచున్నారో మరియొక దేశపు స్త్రీలకు తెలుపుటకు బొమ్మయే సాధనము. దానిని చూచి దర్జీలు దుస్తులు కుట్టెడివారు.

విక్టోరియా రాణి బాల్యమున తన ఉపాధ్యాయినితో గూడి 132 చిన్న కొయ్యబొమ్మలకు దుస్తులు అమర్చినది. వానిలో 32 బొమ్మల దుస్తులు ఆమె స్వయముగా కుట్టినవి. అవి కీళ్లతో కదలు చవుకరకపు బొమ్మలే గాని, వాని పేర్లను, అవి ఎవరిని పోలినవో, ఎవరు దుస్తులు కుట్టిరో ఒక పుస్తకములో పట్టికగా వ్రాసి యుంచిరి. ఈ పట్టికను మనస్సున నుంచుకొనుడు. దానితో మనకు ముందు పని యున్నది.

రెండవ ప్రపంచయుద్ధాంతమున 1945 మార్చి నెలలో పారిస్ నగరపు లూవ్రు భవనములో జరిగిన బొమ్మల ప్రదర్శన ఇంకను ముచ్చటైనది. యుద్ధమువలన బట్ట కరవు. మనుష్యులకు నిండుగా కుట్టుటకు చాలినంత గుడ్డలేని దినములవి. అప్పుడు అక్కడి దర్జీలు సుమారు 200 తీగబొమ్మలను, 70 సెంటీమీటర్ల ఎత్తు గలవానిని తీసికొని, వానికి కోట్లు, టోపీలు, చేతితొడుగులు, పాదరక్షలు అన్నియు ఆ కొలతకే కుట్టిరి. గుండీలు కూడ ఆ కొలతకే చేసిరి. సుమారు లక్షమంది చూచిరి. యుద్ధబాధితులకు ధనము సమకూడినది, పనిలేక చెదరిన దర్జీలకు మరల పేరు వచ్చినది. ఆ బొమ్మలు పెక్కు నేడు అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున మేరీహిల్ మ్యూజియములో నున్నవి. ఇది పిల్లల చేష్ట యనగలమా?

మన దేశమునందును చిత్రకారుడు శంకర్ పిళ్లె, హంగరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మను చూచి ముగ్ధుడై సేకరణ మొదలిడి, 1965లో ఢిల్లీయందు అంతర్జాతీయ బొమ్మల మ్యూజియమును స్థాపించెను. అందు నేడు ఆరువేలకు పైగా బొమ్మలున్నవి. దేశదేశముల దుస్తులు చూపుట అను లక్ష్య మొకటి ఉండుటచే అది కుప్ప కాక కొలువైనది.

ఇక బార్బీ సంగతి. జర్మనీలో 1955నుండి లిల్లీ అను బొమ్మ అమ్ముడుపోవుచుండెను. యూరపు యాత్రలో దానిని చూచిన రూత్ హాండ్లర్ అను అమెరికా వనిత, ఎదిగిన స్త్రీరూపము గల బొమ్మను తమ మాటెల్ సంస్థచే చేయించి, తన కుమార్తె బార్బరా పేరు దానికి పెట్టి, 1959 మార్చి 9వ తేదీన న్యూయార్కు బొమ్మల సంతలో ప్రవేశపెట్టినది. ఎత్తు పదకొండున్నర అంగుళములు. వెల 3 డాలర్లు. ఆ యేడాదిలోనే మూడులక్షలకు మించి అమ్ముడుపోయినవి. ఇందలి కిటుకు ఒకటి గమనింపుడు. బొమ్మ యొకటియే, దుస్తులు మాత్రము వేరువేరుగా ఎన్నియైన కొనవచ్చును. తరువాత స్నేహితురాండ్రు, చెల్లెండ్రు, ఇండ్లు, బండ్లు, ఏటేట కొత్తరూపులు వచ్చినవి. అనగా ఈ వరుసకు చివర లేదు. అమ్మువానికి చివర అక్కరలేదు గదా! కనుక హద్దు పెట్టుకొనవలసినది కొనువారే. ఆ హద్దునే నేను లక్ష్యమనుచున్నాను.

లక్ష్యము లేకుండ నేను కొన్న కాలమును చెప్పెదను. నాకు నలువదియవ యేట ఈ వేడుక పట్టినది. ఒక్క యేడాదిలో 22 బొమ్మలు కొంటిని. చవుకగా వచ్చినదని కొన్ని, మరల దొరకదేమో యని కొన్ని, తోటివారివద్ద ఉన్నదని కొన్ని. ఒకనాడు ఒక విక్రేత, వీపున 1966 అని అచ్చుగల బార్బీని చూపి, ఇది ఆనాటి అరుదైన సరుకు అని ఆరువేల రూపాయలు చెప్పెను. మా అమ్మాయి కాలేజీ ఫీజుకై అలమారలో వేరుగా నుంచిన సొమ్ములోనుండి తీసి యిచ్చితిని. నెల తిరుగులోపున మరల పెట్టగలనని నా ధైర్యము. పెట్టలేకపోతిని.

ఫీజు కట్టు దినమున మావారితో చెప్పక తప్పలేదు. వారు కోపింపలేదు. “ఆ బొమ్మను చూపుము” అనిరి. చూపితిని. “దీని కింత వెల యేల?” అనిరి. “అరువదియారవ సంవత్సరము నాటిది” అంటిని. పిమ్మట తెలిసినవారిని అడుగగా, అది 1980ల తరువాత చేసిన సాధారణ బొమ్మ యని తేలినది. ఆ రాత్రి మావారన్న మాట ఇంతవరకు మరువలేదు. “నీవు మోసపోయినందుకు నాకు చింతలేదు. నాకు చెప్పకుండ తీసితివి, అదియే నా చింత.”

ఈ మోసము మరియొకరికి కలుగకుండ సంగతి వివరింతును. బార్బీ వీపునగాని నడుము క్రిందగాని ఉండు సంవత్సరము, ఆ శరీరపు అచ్చుపై సంస్థకు హక్కు ఏర్పడిన సంవత్సరము మాత్రమే. బొమ్మ తయారైన సంవత్సరము కాదు. 1966 అను గుర్తు తరువాత పలు దశాబ్దములపాటు చేసిన లక్షలాది బొమ్మలపై కలదు. తల వెనుక మరియొక సంవత్సరము ఉండవచ్చును. జపాను, తైవాను, హాంకాంగు, మలేషియా, చైనా మొదలగు తయారైన దేశము పేరు, ముఖపు రంగుల తీరు, వెంట్రుకలు కుట్టిన రీతి, పెట్టెపై అచ్చు, ఇవన్నియు కలిపి చూచినగాని వయస్సు తేలదు. ఒక్క అంకెను నమ్మి రూపాయి ఈయకుడు.

ఇప్పుడు లక్ష్యమెట్లు ఏర్పరచుకొనవలెనో చూతము. మార్గములు పలు గలవు. ఒక కాలమును ఎంచుకొనవచ్చును. 1959 మొదలు 1966 వరకు వచ్చిన రూపములే చాలునని కొందరు గీత గీసికొందురు. ఒక విషయమును ఎంచుకొనవచ్చును. ఆయాదేశముల దుస్తులు తొడిగినవి మాత్రమే అని గాని, వైద్యురాలు, ఉపాధ్యాయిని మొదలగు వృత్తుల బొమ్మలు మాత్రమే అని గాని అనుకొనవచ్చును. బొమ్మలు నాలుగు మాత్రమే ఉంచుకొని దుస్తులనే సేకరించువారు గలరు. కొనుట మాని స్వయముగా కుట్టుటయే పనిగా పెట్టుకొన్నవారు గలరు. నా దృష్టిలో వీరే ధన్యులు. వీరికి ఖర్చు స్వల్పము, పని విస్తారము.

మార్గమేదైనను మూడు పరీక్షలు పెట్టుడు. మొదటిది, మీ లక్ష్యమును ఒక్క వాక్యములో ఇరుగుపొరుగు అమ్మకు చెప్పగలరా? “అందమైనవన్నియు” అనునది లక్ష్యము కాదు. రెండవది, దానికి చివర ఉన్నదా? పండ్రెండో, ఇరువదియో, సంఖ్య వ్రాసిపెట్టుడు. మూడవది, దాని ఖర్చు ఇంటిలో అందరియెదుట చెప్పుకొనదగినదిగా నున్నదా? నెలకు ఇంత యని భర్తతో కూర్చుండి నిర్ణయించి, ఆ సొమ్మును వేరు డబ్బీలో వేయుడు. డబ్బీ నిండినగాని కొనకుడు. ఒక నెల కొనకున్న ఆ సొమ్ము మరుసటి నెలకు చేరును. ఒకరికి తెలియకుండ దాచవలసిన బొమ్మ ఎంత చక్కనిదైనను కంటికి ఇంపుగా నుండదు. ఇది అనుభవముమీద చెప్పుచున్నాను.

విక్టోరియా పట్టికవలె మీరును ఒక పుస్తకము ఉంచుడు. వరుససంఖ్య, కొన్న తేదీ, ఇచ్చిన వెల, ఒంటిపై గుర్తులు, పెట్టె ఉన్నదా లేదా, ఏ లోపము కలదు, ఎవరు ఇచ్చిరి అని గీతలు గీయుడు. చివర “ఎందుకు కొంటిని” అను గడి యొకటి తప్పక ఉంచుడు. నా 22 బొమ్మలకు పట్టిక వ్రాయ కూర్చుండినపుడు ఆ గడిలో పదునాలుగింటికి ఏమియు వ్రాయలేకపోతిని. నాకు బుద్ధి వచ్చినది ఆ దినముననే.

ఉన్నవానిని కాపాడుటయు లక్ష్యములో భాగమే. ఈ బొమ్మలు వినైలుతో చేసినవి. ఎండ తగిలిన రంగు వెలియును. మన వేసవి వేడికి ఒడలు జిగురెక్కును. కనుక అటకమీద ఉంచక, చల్లని గదిలో, వెలుతురు సూటిగా పడని అలమారలో ఉంచుడు. చీరెలకు వలె నాఫ్తలీను ఉండలు వేయకుడు. అవి కొన్ని ప్లాస్టికులను మెత్తబరచి చెరచును. ముదురురంగు గుడ్డ చాలకాలము తొడిగి యుంచిన ఆ రంగు ఒంటికి అంటుకొని పోదు. జుట్టుకు రబ్బరు పట్టీ వేయకుడు, కొంతకాలమునకు అది కరగి అంటుకొనును. తొలినాటి బార్బీలకు లోహపు చెవిపోగులుండుటచే చెవులచుట్టు పచ్చని మరక ఏర్పడును. అట్టివానిని కొనునపుడు చెవులు చూచియే కొనుడు, కొన్న పిమ్మట పోగులు తీసి వేరుగా ఉంచుడు.

ఇక నా లక్ష్యము చెప్పెదను. పట్టికలో ఖాళీగా మిగిలిన పదునాలుగు బొమ్మలలో కొన్నింటిని అమ్మి ఫీజు సొమ్ము తీర్చితిని. కొన్నింటిని మా వీధి ఆడపిల్లలకు పంచితిని. నల్లని జుట్టు గల తొమ్మిదింటిని మాత్రము ఉంచుకొంటిని. మా యింటి స్త్రీలు తొమ్మిదిమందిని, వారు కట్టిన చీరలతోనే, వారు కట్టిన రీతిలోనే ఈ బొమ్మలపై నిలుపవలెనని సంకల్పము. అమ్మమ్మ, నాయనమ్మ, అమ్మ, అత్తగారు, పెద్దమ్మ, మేనత్త, అక్కయ్య, నేను, మా అమ్మాయి. అంతే. పదవదానికి చోటులేదు.

కుట్టదలచినవారికి కొలతలు ఇచ్చుచున్నాను. పదకొండున్నర అంగుళముల బొమ్మ మనిషిలో సుమారు ఆరవవంతు. ఆరుగజముల చీరకు బొమ్మకు ఒక గజము, నలువదియైదు అంగుళముల పన్నాకు ఏడున్నర అంగుళములు. తొమ్మిదిగజముల మడిచీరకు గజమున్నర. నాలుగంగుళముల అంచు ముప్పాతిక అంగుళమునకు లోపుగా నుండవలెను. ఇంతవరకు లెక్క సులభమే. కాని నూలు మందము ఆరవవంతు కాదు గదా! గజము గుడ్డను అట్లే చుట్టిన నడుమువద్ద గుమ్మడికాయవలె ఉబ్బును. కనుక లోపలిచుట్టు తగ్గించి ముప్పాతికగజముతోనే కట్టి, కుచ్చిళ్లను ముందుగా సన్నని కుట్టుతో నిలిపి, తడిపి, ఇస్త్రీచేసి అమర్చవలెను. పాత వెంకటగిరి నూలుచీర మెత్తనై ఈ పనికి మిక్కిలి తగియున్నది. గద్వాల పట్టంచు బరువెక్కి నిలువదు. పోచంపల్లి చీరలో పెద్దపూవు బొమ్మ ఒంటినంతయు కప్పివేయును, చిన్నగళ్లది ఎంచుకొనవలెను.

ఏడు బొమ్మలు సునాయాసముగా సాగినవి. అమ్మ బొమ్మవద్ద ఆటంకము వచ్చినది. అమ్మ పోయి అప్పటికి ఆరేండ్లు. ఆమె వంగపండురంగు పట్టుచీర నా పెట్టెలో నున్నది. మడతలవెంట చిరిగి, కట్టుటకు పనికిరాకుండ నున్నది. అందలి మంచిభాగము గజము కోయదలచితినని అక్కయ్యతో అనగా ఆమె ముఖము ఎఱ్ఱనైనది. “ఏమే, అమ్మ చీరమీద కత్తెర పెట్టుటకు నీకు చేతులెట్లు వచ్చునే? అది ప్లాస్టికు బొమ్మకు గుడ్డయా?” అని వెళ్లిపోయినది. కొన్ని నెలలు మా యింటి గడప తొక్కలేదు.

నేను కోసితిని. తప్పో ఒప్పో నాకు తెలియదు. చిరిగిన భాగమును తీసి, మిగిలిన చీరను మరల మడిచి దాచితిని. మరుసటి కొలువునకు బొమ్మలను మెట్టుపై వరుసగా నిలిపితిని. పేరంటమునకు అక్కయ్య వచ్చినది. వరుస చివరివరకు చూచి అమ్మ బొమ్మవద్ద నిలిచినది. ఎంతసేపటికిని మాటాడలేదు. తరువాత చేయి చాచి, “అమ్మ పైట ఇట్లు జారవిడువదే. ఎప్పుడును పనిలోనే యుండునది, కొంగు నడుమునకు చుట్టి దోపును” అని తానే కొంగును త్రిప్పి దోపినది. అప్పుడే అది అమ్మ అయినది. నాకు ఆ సంగతి జ్ఞాపకమే లేదు. పండుగలనాటి అమ్మను నేను చూచితిని గాని, పనులనాటి అమ్మను అక్కయ్యయే చూచినది.

తొమ్మిదవది నాయనమ్మ. ఆమె చీరపీలిక యొకటియు ఎవరివద్దను మిగులలేదు. మేనత్తను అడిగితిని, గోచీకట్టు కట్టెడిదని, బూడిదరంగు నూలుచీరలని మాత్రము చెప్పినది. కొత్తగుడ్డ కొని ఆ బొమ్మకు కట్టవచ్చును. మనసొప్పలేదు. వరుసలో ఆమె చోటు ఖాళీగానే ఉంచితిని. కొలువునకు వచ్చినవారు “ఇచ్చట ఖాళీ యేల?” అని అడుగుదురు. అప్పుడు నాయనమ్మనుగూర్చి నాకు తెలిసినంత చెప్పుదును. పూర్తికాని లక్ష్యమైనను ఫలమిచ్చునని దీనివలన గ్రహించితిని.

జాబు వ్రాసిన సోదరీ, అన్నియు అమ్మివేయవద్దు. ఒక మధ్యాహ్నము 63 బొమ్మలను చాపపై పరచుడు. అత్తగారిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ప్రతి బొమ్మను చేతికి తీసికొని “ఎందుకు కొంటిని” అని మీకు మీరే అడుగుకొనుడు. వెంటనే జవాబు వచ్చినవి ఒకవైపు, రానివి మరియొకవైపు, తడబడినవి నడుమ పెట్టుడు. జవాబు వచ్చినవానిలో మీ లక్ష్యము దాగియున్నది. రానివానిని అమ్మి, ఆ సొమ్మును మీవారి యెదుట లెక్కలో జమకట్టుడు. నడుమనున్నవానిని ఆరునెలలు మూసియుంచి మరల అడుగుడు. ఎన్ని చాలునను ప్రశ్నకు అంకె నావద్ద లేదు. ఏ బొమ్మకు ఆ బొమ్మను గూర్చి చెప్పుటకు మీకొక మాట యున్నదో అన్నియే చాలును.

తక్కిన సోదరీమణులు తమ యింట కొలువుబొమ్మలైనను, దుస్తుల బొమ్మలైనను, వానికొక పట్టిక వ్రాసి చూడగోరుచున్నాను. ఏ గడి ఖాళీగా మిగిలినదో నాకు వ్రాయుడు. వచ్చే నెల ఈ పుటలో పాతచీరల అంచులతో కుట్టదగిన వస్తువులను గూర్చి ముచ్చటింతము.